ఆళ్లగడ్డ గాజులంగడి, అన్నీ తెలిసిన ఫోను

ఆళ్లగడ్డ వెళ్లొచ్చానంటే మా తెనాల్లో అందరూ ముందు అడిగేది అహోబిలంలో దర్శనం బాగా జరిగిందా అని. అహోబిలం వెళ్లలేదండీ, అంత దగ్గర దాకా పోయి కూడా వెళ్లలేదు, గాజుల కొట్లో కూర్చుని నవ్వి నవ్వి వచ్చాను అంటే నావంక అదోలా చూస్తున్నారు. పైగా నేను వెళ్లింది క్యాన్సర్ వచ్చిన మనిషిని చూడటానికి అని తెలిసినవాళ్లు ఇంకా అదోలా చూస్తున్నారు. వాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

నూర్జహాన్ నా స్నేహితురాలు. మా నాన్న కర్నూల్లో ఉద్యోగం చేసినప్పుడు డిగ్రీ హాస్టల్లో నా పక్క మంచం ఆమెది. పెళ్లయి ఆళ్లగడ్డ వెళ్లింది, అత్తగారి గాజులంగడి ఆమె చేతికొచ్చింది. ఈమధ్య ఎడమ రొమ్ములో చిన్న గడ్డ తగిలితే నంద్యాలలో పరీక్ష చేయించారు. క్యాన్సరే. తొలిదశలోనే పట్టుకున్నాం, ఆపరేషన్ చేయించుకుంటే నయమయ్యే అవకాశం బాగా ఉంది, ఆలస్యం మాత్రం చేయొద్దు అంది డాక్టరమ్మ. నూర్జహాన్ ఆపరేషన్ వద్దంది. ఆమె కూతురు రేష్మా నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

"అమ్మీ ఎవ్వురి మాటా ఇంటల్లేదు ఖాలా. ఆపరేషన్ ప్రమాదమని ఫోన్ చెప్పిందంట. మనుషులు చెప్తే ఇనదు, ఆ ఫోన్ చెప్తే ఇంటాది. నువ్వొకసారి బేగా రా."

రేష్మాకు నేను ఖాలాను, అంటే పిన్నిని. ఆ పిలుపు విన్నాక ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు.

సొరంగాల దాకా దిగులు

గుంటూరులో రైలెక్కింది మొదలు మనసులో నూర్జహాన్‌ను తిడుతూనే ఉన్నాను. తిట్లు వెతుక్కునే పనిలో ఉంటే దిగులు అంతగా తెలియదు. గిద్దలూరు దాటాక నల్లమల మొదలయింది. రైలు సొరంగంలోకి దూరగానే పెట్టంతా చీకటై, పిల్లలూ పెద్దలూ కలిసి కేకలు పెట్టారు. నేనూ పెట్టాను. అరవై దాటినదాన్నే, కానీ చీకట్లో ఎవరు చూడొచ్చారు? వెలుగొచ్చాక చూస్తే ఎదుటి సీటు పెద్దాయన కళ్లార్పకుండా నన్నే చూస్తున్నాడు.

"బాగా అరిసినావమ్మా," అన్నాడు. "యాడికి పోతాండావ్?"

సంజామల దగ్గర రైతట. మావైపు అయితే మీదే ఊరండీ, ఎవరి తాలూకండీ అని ఊరంతా తిరిగి అసలు ప్రశ్నకు వస్తారు. ఈయన తిన్నగా అడిగేసరికి నేనూ తిన్నగా చెప్పేశాను. స్నేహితురాలికి క్యాన్సర్, ఫోన్లో మాట్లాడే యంత్రం మాట విని ఆపరేషన్ మానేసింది, ఆమెకు నచ్చజెప్పడానికి పోతున్నాను అని. ఆయన కాసేపు ఆలోచించాడు.

"అంటే ఫోన్‌తో కొట్లాడనీకి ఇంత దూరం వస్తాండావా?"

"అంతేనండీ."

"అయితే తిను. బలం గావల్ల," అని ఉడకబెట్టిన చెనక్కాయలు దోసిలితో తీసి నా ఒళ్లో పోశాడు. ఉప్పు సరిపోయి, ఒక్కో కాయ చీలిస్తే లోపల నీళ్లు కారుతూ, ఎంత బాగున్నాయో చెప్పలేను. నంద్యాలకు ముందు గాజులపల్లె అనే స్టేషన్ వస్తుంది. గాజులమ్మే మనిషి దగ్గరకు వెళుతూ ఆ బోర్డు చదివేసరికి నాకెందుకో పని అయినట్టే అనిపించింది. శకునాలు నమ్మనని అందరి దగ్గరా చెప్పుకునే మనిషిని నేను.

బనగానపల్లెకు బస్సు వెళ్లింది

నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సేదని అడిగితే ఒకాయన గడ్డంతో చూపించాడు. గడ్డంతో చూపిస్తే రెండు బస్సులకూ సరిపోయింది. నేను కిటికీ పక్కన సీటు ఉన్నదాంట్లో కూర్చున్నాను. ఊరు దాటిన చాలాసేపటికి కండక్టరు వచ్చాడు.

"ఆళ్లగడ్డ ఒకటి," అన్నాను.

"ఇది బనగానపల్లె పోతాదమ్మా. ఆళ్లగడ్డ ఆ పక్క, మనం ఈ పక్క."

"అయితే ఆపండి, దిగుతాను."

"ఈ ఎండలో నడిమధ్యన దిగి ఏం జేస్తావ్? ఊర్లో దిగి మళ్లా రా."

చిన్నప్పటి నుంచీ తెనాలి బజారులో బంగినపల్లి పండ్లు కొంటున్నాను కానీ, అదొక ఊరని, ఆ ఊరికి బస్సుంటుందని నాకెప్పుడూ తట్టలేదు. రోడ్డు పక్కన గంపలు పెట్టుకున్న ఆమెతో ఆ మాటే అన్నాను. మాకూ అక్కడ బంగినపల్లి దొరుకుతాయమ్మా అన్నాను కాస్త గొప్పగా.

"దొరుకుతాయిలే," అంది. "మంచివి మేం తిని, మిగిల్నవి మీకంపుతాం."

ఆ మాటకు నవ్వొచ్చి, బేరం ఆడాల్సిన చోట బేరం ఆడటం మరిచిపోయి సంచి నిండా కొనేశాను. అప్పుడే నూర్జహాన్ ఫోన్ చేసింది.

"యాడుండావే?"

"బనగానపల్లెలో."

హాస్టల్లో వార్డెన్‌ను లేపిన నవ్వు, అదే నవ్వు, ఫోన్లోంచి వచ్చింది. "గుంటూరు నుంచి ఆళ్లగడ్డకు ఆ దోవలో వచ్చేది నువ్వొక్కదానివే," అంది. జబ్బు సంగతి తెలిశాక ఆమె నవ్వు వినడం అదే మొదలు. దారి తప్పినందుకు నాకు బోలెడు సంతోషమయింది.

ఉలి చప్పుళ్ల మధ్య రొట్టెలు

ఆళ్లగడ్డలో బస్సు దిగకముందే ఉలి చప్పుళ్లు వినబడతాయి. రోడ్డు పక్కన రాతి దేవుళ్లూ, రాతి నాయకులూ, ఇంకా ముఖం రానివాళ్లూ వరసగా నిలబడి ఉంటారు. చెక్కేవాళ్లు తెల్లటి దుమ్ములో పనిచేసుకుంటూ, నా మామిడిపండ్ల సంచి వైపు ఒక చూపు చూసి మళ్లీ పనిలో పడ్డారు.

నూర్జహాన్ గడపలోనే నన్ను పట్టుకుని, వెనక్కి జరిగి పైనుంచి కిందికి చూసి, "లావైనావ్," అంది. మావైపు అయితే ఒళ్లు చేశావు అని మర్యాదగా అంటారు. ఆమె మాత్రం చిక్కింది. నేను ఆ మాట అనలేదు. రైల్లో కూర్చుకున్న తిట్లన్నీ గొంతు దాకా వచ్చాయి కానీ అప్పటికే పళ్లెంలో జొన్నరొట్టె పడింది, దాని పక్కన గోంగూర, చెనక్కాయల ఊరిమిండి అనే పచ్చడి. మా ఇంట్లో పచ్చడి అన్నంలోకి నెయ్యితో రావాలి. ఇక్కడ రొట్టె తుంచి, ఊరిమిండి అద్ది నోట్లో పెట్టుకుంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అయినా చెయ్యి ఆగదు.

"నూర్జహాన్, ఆ ఫోన్ సంగతేంటి?" అన్నాను నోరు ఖాళీ అయినప్పుడు.

"ఈ పొద్దు తిను. రేపు తిడుదువులే," అంది.

తెల్లారి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నానబెట్టిన బొరుగులు తాలింపు వేసి చేసే ఉగ్గాని మా తెనాలికి ఇంకా ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు. మావైపు రెండిడ్లీల ధరకు ఇక్కడ కడుపు నిండి, ఇంకొకరిని పిలిచి పెట్టొచ్చు.

నాకు, నాకు, నాకు

అంగడి చిన్నది. గోడ నిండా కడ్డీలు, కడ్డీల నిండా మట్టి గాజులు, రంగుకొక వరస. కింద తెలుపు, దానిపైన పసుపు, ఆపైన ఆకుపచ్చ, అన్నిటికన్నా పైన ఎరుపు. నూర్జహాన్ పీట మీద కూర్చుంటుంది, వచ్చినామె ఎదురుగా కూర్చుని చెయ్యి చాపుతుంది. నూర్జహాన్ ఎడమచేత్తో ఆ చేతిని మెత్తగా పిసికి, కణుపులు దగ్గరకు నొక్కి, ముద్దలా చేస్తుంది. కుడిచేత్తో గాజు తోస్తుంది. గాజు చిట్లదు, చెయ్యి నొప్పెట్టదు. చెయ్యి అలా ఒకరి చేతిలో ఉన్నంతసేపూ ఆడవాళ్లకు నోరు ఊరుకోదు. మొగుడికి చెప్పనివి, డాక్టరుకు చెప్పనివి ఆ పీట దగ్గర చెప్పేస్తారు.

ఒకామె వంగి నూర్జహాన్ చెవిలో ఏదో గొణిగింది. నూర్జహాన్ గాజుల పెట్టెలోంచి ఫోన్ తీసి, దాని ముందు నోరుపెట్టి, "నాకు తెల్లార్లూ కాళ్లు గుంజుతాండాయి. ఏం జేయల్ల?" అంది. ఫోన్ చక్కటి తెలుగులో జవాబు చెప్పింది. వచ్చినామె తలూపుతూ విని, గాజులు గలగలలాడించుకుంటూ వెళ్లిపోయింది. కాసేపటికి ఇంకొకామె గొణిగింది.

"నాకు కండ్లు తిరుగుతాండాయి," అంది నూర్జహాన్ ఫోన్‌తో.

"నీకు కాళ్లూ, కళ్లూ కూడానా?" అన్నాను మెల్లగా.

"నాకెందుకే? వాళ్లకు."

"మరి నాకు అంటావేం?"

"వాళ్ల పేరు ఎట్ల చెప్తా? గాజులు తొడిగేటప్పుడు చెప్పిన మాట ఈ గడప దాటగూడదు. మా అత్త కాలం నుంచీ అంతే. అందుకని ఏదడిగినా నాకే అంటా."

"ఎన్నాళ్ల నుంచి?"

"అల్లుడు ఈ ఫోన్ కొనిచ్చినకాడి నుంచి."

"నీ గడ్డ సంగతి కూడా ఇందులోనే అడిగావా?"

"ఇంకో ఫోనేమన్నా ఉండాదా నాకు? ఇందులోనే. 'మీకున్న ఆరోగ్య సమస్యల దృష్ట్యా ఆపరేషను, మత్తూ మీకు ప్రమాదం కావచ్చు' అనింది. నాకు రవ్వంత షుగర్ ఉండాది గదా, దానికే అంటాందనుకున్నా."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత డాక్టర్‌ని అడగమనింది. అది దేనికైనా చివర్న ఆ మాటే అంటాది. చివరి ముక్క ఎవరింటారే?"

నేను ఫోన్ లాక్కున్నాను. ఏం అడుగుతున్నానో ఆలోచించకుండా, అంగడి నిండా మనుషులున్నారని చూసుకోకుండా అడిగేశాను. "నా ఆరోగ్యం గురించి నీకు తెలిసినదంతా చెప్పు."

ఫోన్ గొంతు ఎత్తి చదవడం మొదలుపెట్టింది. "తప్పకుండా. మీకు రెండు కిడ్నీలూ సగమే పనిచేస్తున్నాయి. మీ గుండెకు స్టెంటు వేశారు, రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారు. మీకిప్పుడు మూడో నెల. మీ పాపకు ఇంకా పాలిస్తున్నారు. మీ మోకాలి చిప్పలు అరిగాయి. అత్తగారి సాధింపుల వల్ల మీకు నిద్ర పట్టడం లేదు..."

నూర్జహాన్ ఫోన్ మీద పడి దాని నోరు నొక్కాలని చూసింది. దాని నోరెక్కడుందో ఇద్దరికీ తెలియక గాజుల డబ్బా కింద దూర్చాం. డబ్బా కిందనుంచి కూడా అది మా మలబద్ధకం గురించి చెబుతూనే ఉంది. అంగట్లో ఒక్కరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అందరూ తమ చేతి గాజుల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంటున్నారు. పేరు ఒక్కటీ బయటికి రాలేదు, ఎందుకంటే అన్ని జబ్బులూ నూర్జహాన్‌వే.

ముందు నవ్వింది నేనే. అరవై దాటాక మూడో నెల అన్నాను. ఆ మాటకు నూర్జహాన్ పీట మీదనుంచి జారింది. ఇద్దరం ఒకరిమీద ఒకరు పడి, పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే రేష్మా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

ఎవరిది వాళ్లకు

నవ్వు సగంలో నూర్జహాన్ ఆగింది. "అయితే ఆపరేషన్ ప్రమాదమనింది నన్ను గాదా?"

"కాదే. కిడ్నీలు పాడై, గుండెకు స్టెంటు పడి, కడుపుతో ఉండి, చంటిపిల్లకు పాలిచ్చే మనిషి ఎవరైనా ఉంటే ఆమెను. అలాంటి మనిషి ఆళ్లగడ్డలో లేదు."

మూలన కూర్చున్న సుబ్బమ్మ, కూరగాయలమ్మే ఆమె, గొంతు సవరించుకుంది.

"కిడ్నీలు నావి నూరక్కా," అంది. "నావి నాకిచ్చెయ్. నువ్వు బోయి ఆపరేషన్ చేయించుకో."

"ఒద్దు సుబ్బమ్మా, అందర్లో చెప్పనవసరం ల్యా."

"నా కిడ్నీలు, నా ఇష్టం."

అంతే, ఇక ఎవరూ ఆగలేదు. స్టెంటు నాదంది ఒకామె. మోకాళ్లు నావంది ఇంకొకామె, లేవబోయి లేవలేక. మలబద్ధకం దగ్గర కాస్త తటపటాయించారు కానీ అదీ వెళ్లిపోయింది. అత్తగారి సాధింపులు మాత్రం ఒకరివి కావు, ముగ్గురు ఒకేసారి చెయ్యెత్తారు. చివరికి ఒక సన్నటి అమ్మాయి తలవంచుకుని, "మూడో నెల నాది," అంది. పక్కన కూర్చున్నది ఆమె అత్తగారే. ఆ అత్తగారు కోడలి వంక తేరిపార చూసి, నూర్జహాన్ వైపు తిరిగి, "ఆకుపచ్చవి తొడుగు దీనికి. రెండు చేతులకూ," అంది. అంగడి ఘొల్లుమంది. నేనైతే ముక్కూ ముఖం తెలియని ఆ ముసలామెను కావిలించుకున్నాను.

ఆ సందడిలో డబ్బా కింద ఫోన్‌ను మరిచిపోయాం. తీసి చూస్తే అది చెప్పింది చెప్పినట్టు తెర మీద ఉంది. చివరి వాక్యం నేను పైకి చదివాను. "ఆపరేషన్ తర్వాత మీ ఎడమ చెయ్యి గాజులు తొడగడానికి పనికొస్తుందా అని మీరు చాలాసార్లు అడిగారు."

ఇది ఎవరిది అన్నట్టు అందరి వంకా చూశాను. ఎవరూ చెయ్యెత్తలేదు.

"అది నాదే," అంది నూర్జహాన్.

సుబ్బమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నూర్జహాన్ తన ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని నిమురుతూ మాట్లాడింది. "కుడి చెయ్యి గాజు తోస్తాది, అంతే. పనంతా ఈ చేతిదే. చంకలో కోస్తే చెయ్యి వాస్తాదంట, పైకి లేవదంట, అని ఎవరో అన్న్యారు. ఈ చెయ్యి పోతే నన్ను ఈ పీట మీద ఎవరు కూర్చోనిస్తారు? ఫోన్ ప్రమాదమనేకొద్దికి నాకు సంతోషమైందే శారదా. ఆ మాట ఎవరన్నా అంటే బాగుండు అనుకుంటాంటి. అనింది. ఇంక మిగతాది ఇనలేదు."

నాకు ఒక్క తిట్టూ గుర్తురాలేదు. ఆమె చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చున్నాను.

అందరూ వెళ్లాక అంగడి తలుపులు దగ్గరకు వేసి, ఫోన్లో పాత మాటలన్నీ పక్కన పెట్టి కొత్తగా మొదలుపెట్టాం. ఈసారి ఆమె రిపోర్టులు, ఆమె షుగరు, ఆమె చెయ్యి, అంతే. ఇంకెవరి జబ్బూ లోపలికి రాకుండా రేష్మా తలుపు దగ్గర కాపలా కూర్చుంది. ఫోన్ ఓపిగ్గా చెప్పింది. చేయించుకోవాలో వద్దో తను తేల్చలేనంది. కానీ గడ్డ ఒక్కటే తీస్తారా, చంకలో ఎంత తీస్తారు, చేతికి ముందునుంచే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి, ఇవి డాక్టరును తప్పకుండా అడగమంది. నూర్జహాన్ చివరి ముక్క దాకా విన్నది.

నంద్యాల డాక్టరమ్మ

మర్నాడు ముగ్గురం నంద్యాల వెళ్లాం. ఈసారి సరైన బస్సే. డాక్టరమ్మకు నూర్జహాన్ మొదట జరిగిన కథంతా చెప్పింది. మూడో నెల దగ్గరకు వచ్చేసరికి డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. ఆమె మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నాక నూర్జహాన్ చెయ్యి సంగతి అడిగింది.

"చంకలో ముందు ఒకటి రెండు గ్రంథులే తీసి చూస్తాం," అంది డాక్టరమ్మ. "వాటిల్లో జబ్బు లేకపోతే మిగతావి మామూలుగా తీయం. చెయ్యి కొన్నాళ్లు బిగుసుకుంటుంది. గోడ మీద వేళ్లతో మెల్లగా పైకి పాకించాలి, రోజూ. వాపు రాకుండా చూసుకోవాలి. ఆ చేతికి బిగుతు గాజులు మాత్రం వేసుకోవద్దు."

"నేను ఏసుకోకపోతే పోనీ మేడం. ఒకరికి తొడగచ్చా?"

"చాలామంది తిరిగి పనిలోకి పోతారమ్మా. నూటికి నూరుపాళ్లని మాటివ్వలేను. చేయాల్సిందంతా చేస్తాం."

నూర్జహాన్ రిపోర్టుల కట్ట డాక్టరమ్మ ముందుకు తోసింది. "సరే, చేయండి," అంది.

లేవబోతుంటే డాక్టరమ్మ వెనక్కి పిలిచింది. "ఫోన్‌ను అడగొద్దని అనను. ఎన్నైనా అడుగు. అడిగేటప్పుడు మాత్రం దాని ముందు నువ్వొక్కదానివే కూర్చో."

బయటికొచ్చాక నూర్జహాన్‌కు ఆకలేసింది. మేం ముగ్గురం హోటల్లో పడి తిన్న తిండి చూసి పక్క బల్లవాళ్లు పెళ్లికొచ్చామనుకుని ఉంటారు.

మళ్లీ సొరంగాలు

బయల్దేరే ముందు నన్ను పీట ఎదుట కూర్చోబెట్టి రెండు చేతులకూ ఎర్ర గాజులు తొడిగింది. లావైన చేతులని దెప్పుతూనే ఒక్కటీ చిట్లకుండా తోసింది. ఆమె ఎడమ చెయ్యి నా చేతిని ముద్ద చేస్తున్నంతసేపూ నేను ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. తిరుగు రైల్లో సొరంగం రాగానే మళ్లీ అరిచాను, ఈసారి గాజుల చప్పుడుతో సహా.

ఆపరేషన్ అయింది. జబ్బు చంకలోకి పాకలేదట. తర్వాత ఏ మందులు ఇవ్వాలో డాక్టర్లు చూస్తున్నారు. అంగట్లో ఇప్పుడు రేష్మా తొడుగుతోంది, ఆమె చేతిలో గాజులు కాస్త ఎక్కువే పగులుతున్నాయని ఫిర్యాదు. ఫోన్ మాత్రం గాజుల పెట్టెలోనే ఉంది. ఎవరు ఏది గొణిగినా నూర్జహాన్ మొదట, "ఇది నాకు గాదు," అని దానికి చెప్పి అప్పుడు అడుగుతుందట. పేర్లు ఇప్పటికీ చెప్పదు.

రోజూ సాయంత్రం నాకు వీడియో కాల్ చేస్తుంది. గాజుల గోడ పక్కన నిలబడి, ఎడమ చేతి వేళ్లను కింది కడ్డీ నుంచి మెల్లగా పైకి పాకిస్తుంది. నొప్పెడితే పళ్లు బిగించి నన్ను తిడుతుంది. నేను ఇక్కడ కూర్చుని ఇంకొంచెం, ఇంకొంచెం అంటాను. మొదటి వారం తెల్ల గాజుల దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత పసుపువి అందాయి. నిన్న చూపుడువేలు ఆకుపచ్చ వరసకు తగిలింది, గాజులన్నీ గలగలలాడాయి. ఎర్రవి ఇంకా పైనున్నాయి.